మూడు సెకన్ల మర్యాద

అప్పగింతకి ఇరవై ఒక్క రోజులు

ఈ చిట్టా రాయమన్నది మా మాటశాల నియమావళి. ప్రతి రోగికీ ఒక చిట్టా, రోజుకి నాలుగు ముక్కలు, అనవసర వ్యాఖ్యలు వద్దు అని అందులో ఉంది. నాలుగు ముక్కల్లో నేను ఏదీ ముగించిన దాఖలా లేదు కాబట్టి చదివేవాళ్ళే ఓపిక పట్టాలి.

నా పేరు హైమవతి. తెప్పలపాలెంలో మాట పోయినవాళ్ళకీ, నత్తి ఉన్నవాళ్ళకీ వైద్యం చేస్తాను, ఆ వైద్యం మీదే పరిశోధన చేస్తాను. ఊరంటే సముద్రం మీద తేలే నలభై తెప్పలు. ఒక తెప్ప మీంచి ఇంకో తెప్పకి పోవాలంటే గేటుకి మాట చెప్పాలి. కుళాయికి చెప్పాలి, పడవకి చెప్పాలి. మూడు సెకన్లలో మాట రాకపోతే గేటు తెరుచుకోదు. గేట్లని చూసి మనుషులు కూడా నేర్చుకున్నారు. మాట్లాడుతూ మూడు సెకన్లు ఆగితే మా ఊళ్ళో అది అమర్యాద, పక్కవాళ్ళు చటుక్కున అందుకుని ఆ వాక్యం పూర్తి చేసేస్తారు. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరని మా ఆయన అంటుంటాడు. ఆ మాట కూడా ఆయన పూర్తిగా అనలేదు, సగంలో నేనే అందుకున్నాను.

ఇవాళ వచ్చిన రోగి పేరిశెట్టి అబ్బులుగారు. అరవై మూడేళ్ళు, ఉమ్మడి వంటశాల మేస్త్రి. మా తెప్పల్లో మూడు వందల మందిమి ఆయన చేతి వంట తిని బతుకుతున్నాం. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాళ్ళు కుదురుకున్నాయి, కుడిచెయ్యి ఇంకా బరువుగా ఉంది, మాట మాత్రం రాలేదు. మనం చెప్పేది ఆయనకి అర్థమవుతుంది. చెప్పాలనుకున్నది తలలో ఉంటుంది, నోటిదాకా వచ్చే దారే తెగింది. అందుకని గొంతుపట్టీ కట్టాం.

పట్టీలో ఆ మనిషి పాత మాటలన్నీ పోస్తాం. ముప్ఫై ఏళ్ళుగా గేట్ల దగ్గర, వంటింట్లో నమోదైనవి ఎలాగూ ఉన్నాయి. ఎదురుగా ఎవరున్నారో, ఏం జరుగుతోందో చూసుకుని, అలాంటప్పుడు ఆయన ఏమనేవాడో అంచనా కట్టి, ఆయన గొంతుతోనే అనేస్తుంది.

కట్టిన మూడు సెకన్లకి ఆయన భార్య వరహాలమ్మగారిని చూసి పట్టీ పలికింది. "ఏం చూస్తన్నావ్, పొయ్యి మీద ఏదో మాడి చస్తన్నట్టుంది."

వరహాలమ్మగారు కళ్ళు ఒత్తుకుంది. "అచ్చం మా ఆయనేనండి డాక్టరమ్మా."

మా పరీక్ష కూడా అదే. ఇంట్లోవాళ్ళు అచ్చం మా మనిషే అనాలి. పోలికకి నూటికి తొంభై ఎనిమిది మార్కులు పడ్డాయి. మాటశాల పుట్టాక ఎవరికీ ఇన్ని రాలేదు. ఈ పట్టీ మాటలు అబ్బులుగారి మాటలేనని ధ్రువపత్రం మీద సంతకం పెట్టి, నన్ను నేనే మెచ్చుకుని రెండు బెల్లం గవ్వలు తిన్నాను.

అప్పగింతకి పద్దెనిమిది రోజులు

అప్పగింత అంటే ఏమిటో రాయాలి. మేస్త్రి దిగిపోయేటప్పుడు, తినేవాళ్ళందరి ముందూ, ఈ వంటిల్లు ఫలానావాళ్ళదని నోటితో చెప్పాలి. కాగితాలు చెల్లవు. ఎప్పుడో ఒక మేస్త్రి పేరు మీద ఎవరో దొంగ కాగితం పుట్టించారట, అప్పట్నుంచీ నోటి మాటే. అబ్బులుగారు ఇక గుండిగలు ఎత్తలేరు కాబట్టి ఊరి కార్యదర్శి రోజు ఖాయం చేశారు. ఆయన ఎవరి పేరూ చెప్పకపోతే వంటశాలలో పొడి యంత్రం పెడతారు, పొడులు నీళ్ళలో కలిపి వంట అనిపించేది. అది అప్పుడే పడవలో వచ్చి, పట్టా కప్పుకుని రేవులో కూర్చుంది. దాని వంట నేను ఒకసారి రుచి చూశాను. తడిసిన అట్టపెట్టెకి తాలింపు వేసినట్టుంది.

పేరు చెప్పాల్సి వస్తే ఊళ్ళో ఉన్నది ఒక్కతే, నూకరత్నం. పదకొండేళ్ళుగా అబ్బులుగారి కింద పని చేస్తోంది, ఈ రెండు నెలలూ వంటంతా ఆమెదే. పదకొండేళ్ళూ ఆయన చేత తిట్లు తింది. గరిటె ఎడమవైపు పెట్టినందుకు ఒకరోజు, కుడివైపు పెట్టినందుకు మర్నాడు.

ఇవాళ మధ్యాహ్నం పట్టీ ఎలా పని చేస్తోందో చూద్దామని వెళ్ళాను. అబ్బులుగారు వంటింటి గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చున్నారు. నూకరత్నం గిన్నెలో పులుసు తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగారు, మూడు సెకన్లకి పట్టీ అందుకుంది. "ఇది పులుసా, తెప్ప కడిగిన నీళ్ళా?"

"తెప్ప ఇంకా కడగలేదండి మేస్త్రీగారు. కడిగేక అవి కూడా పంపిస్తాను," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అబ్బులుగారు ఎడమచేత్తో గొంతు మీద చరుచుకున్నారు. తర్వాత పక్కనున్న గ్లాసు తీసి గోడకి కొట్టారు. నేను పుస్తకంలో రాసుకున్నాను: కోపం, పక్షవాతం తర్వాత వచ్చిన కొత్త లక్షణం. పట్టీ మూడు సెకన్లు ఆగి మాట్లాడుతుంది కదా, ఆ ఆలస్యానికే చిరాకు పడుతున్నారని తేల్చి, దాన్ని ఒక సెకనుకి తగ్గించాను.

అప్పగింతకి పదహారు రోజులు

ఇప్పుడు మూడింతలు వేగంగా తిడుతున్నారు. పగిలిన గ్లాసులు నాలుగు.

అప్పగింతకి పద్నాలుగు రోజులు

నూకరత్నం మాటశాలకి వచ్చింది. చేతికి పసుపు మరక, మొహంలో ఏ మరకా లేదు.

"నేను ఎల్లిపోతన్నానండి. వలల తెప్పలో పనుందంటే అడిగేను, రమ్మన్నారు."

"అదేమిటి, రెండు వారాల్లో అప్పగింత పెట్టుకుని..."

"ఎవరికండి అప్పగింత? మొన్న కార్యదర్శిగారొచ్చి, ఎవరికిద్దావనుకుంటన్నారని అడిగేరు. ఎవరికీ ఇవ్వను, నాతోటే పోద్ది అన్నారు మేస్త్రీగారు. అన్నది పట్టీయేననుకోండి. పట్టీ మాటే ఆయన మాటని తవరు సంతకం పెట్టేరంట కదా."

పెట్టాను. తొంభై ఎనిమిది చూసుకుని పొంగిపోయి పెట్టాను.

ఆమె లేవబోయి మళ్ళీ కూర్చుంది. "తిట్లకి బాధ లేదండి, అలవాటే. ఒక్క ముక్క చెప్తాను, చదూకున్నోరు కాబట్టి మీకు తెలస్తాదేమో. ఇదివరకు ఆయన గిన్నె చూసి తిట్టేవోరు. ఇప్పుడు నా మొహం చూస్తన్నారు. తెప్ప కడిగిన నీళ్ళన్నారు కదా, ఆ పులుసు గిన్నె అడుగంటా తాగేసేరు. మీ పుస్తకాల్లో ఇది ఏ రోగవండి?"

నా పుస్తకం తెరిచి, 'కోపం' అని రాసుకున్న చోట ప్రశ్నార్థకం పెట్టాను. నా జీవితంలో ఇది అరుదైన సంఘటన కాబట్టి చిట్టాలో నమోదు చేస్తున్నాను.

అప్పగింతకి పదమూడు రోజులు

పట్టీ విప్పించాను. ఒక గరిటె, నాలుగు ఫొటోలు బల్ల మీద పెట్టాను: నూకరత్నం, వరహాలమ్మగారు, కార్యదర్శి, పొడి యంత్రం. ఈ గరిటె ఎవరికి అని అడిగాను. అబ్బులుగారు ఎడమచేత్తో గరిటె తీసి నూకరత్నం ఫొటో మీద పెట్టారు. ఫొటోలు కలిపేసి మళ్ళీ అడిగాను. మళ్ళీ అక్కడే. పరిశోధన అన్నాక పదిసార్లు అడగాలి కాబట్టి పదిసార్లు అడిగాను. తొమ్మిదోసారి ఆయన నన్నూ, వరహాలమ్మగారినీ మార్చి మార్చి చూశారు. ఈ డాక్టరమ్మకి చెవుడా అని ఆ చూపు.

తర్వాత ఆయన ముప్ఫై ఏళ్ళ మాటల్లో మెచ్చుకోలు వెతికించాను. 'బాగుంది' అన్న మాట రెండుసార్లు దొరికింది. ఒకసారి వాన గురించి, ఇంకోసారి కొత్త చెప్పుల గురించి. పట్టీ మాత్రం ఏం చేస్తుంది? ఆయన ఎన్నడూ అనని మాట దాని కడుపులో లేదు. నూకరత్నం కనిపించగానే పదకొండేళ్ళ తిట్లలోంచి మేలైనది ఏరి పైకి తీస్తుంది.

ఆయన గోడకి కొట్టినవన్నీ కొత్త మాటలు, గ్లాసుల రూపంలో వచ్చాయి. నేను వాటికి కోపమని పేరు పెట్టి, తిట్ల వేగం పెంచాను. చాలా సిగ్గేసింది. మనిషి ఇదివరకటిలా ఉన్నాడా లేదా అని ఇంతకాలం కొలిచాం. మంచాన పడి రెండు నెలలు ఆలోచించుకున్న మనిషికి మనసు మారి ఉండొచ్చని మా పరీక్షలో ఒక్క ప్రశ్నా లేదు.

అప్పగింతకి పన్నెండు రోజులు

కార్యదర్శి మృత్యుంజయరావుగారి దగ్గరికి ఫొటోలూ గరిటె పట్టుకుని వెళ్ళాను. ఆయన మంచివాడు. మంచివాళ్ళతో పని కావడం మరీ కష్టం.

"అమ్మా, నేను మిమ్మల్ని నమ్ముతాను. రేపు ఇంకోడెవడో ఇంకో ముసలాయన చెయ్యి పట్టుకుని ఫొటో మీద పెట్టిస్తాడు. అప్పుడేం చెయ్యను?"

"పోనీ పట్టీ మాట చెల్లదని నా సంతకం వెనక్కి తీసుకుంటే?"

"తీసుకోండి. అప్పుడాయన సొంత నోటితో చెప్పాలి. పేరు చెప్పాలి. ఎవరూ అందించకూడదు, అందించిన మాట చెల్లదు."

సంతకం వెనక్కి తీసుకున్నాను. వస్తూ దారిలో వంటశాల దగ్గర ఆగి నూకరత్నానికి పది గరిటెల సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు ఉల్లిపాయలు తరిగింది.

"ఫొటో మీద పెట్టేరు. నా చేతిలో పెట్టలేదు కదండీ," అంది చివరికి. "సరే, ఆ రోజుదాకా ఉంటాను. ఆ మధ్యాహ్నం పడవకి ఎల్లిపోతాను. యంత్రం కింద పనిచెయ్యలేనండి."

అప్పగింతకి పది రోజులు

చెయ్యకూడని పని చేశాను, రాయక తప్పదు. పట్టీలో నా సొంత వాక్యం ఒకటి ఎక్కించి, మళ్ళీ అబ్బులుగారి మెడకి కట్టాను. పది నిమిషాల పని. పట్టీ మాట ఇక చెల్లదు, నిజమే. నూకరత్నం చెవిన ఒక్కసారి పడితే చాలు, ఆగిపోతుందని ఆశ. ముందు వరహాలమ్మగారికి వినిపించాను. అబ్బులుగారి గొంతు తియ్యగా పలికింది. "నూకరత్నం చాలా చక్కగా వండుతుంది. ఆమెకి వంటశాలని అప్పగించడం నాకెంతో ఆనందంగా ఉంది."

వరహాలమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోలేక మంచం పట్టె పట్టుకుంది. "ఎవరండీ ఈయన? మా ఇంటికెందుకొచ్చేరు?"

అబ్బులుగారు నవ్వలేదు. మెడ వెనక ఎడమచెయ్యి పెట్టి, కొక్కెం కోసం వెతుక్కుని, పట్టీ తనే విప్పుకున్నారు. దాన్ని నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటే ముడిచారు. కోపంగా కాదు, చిన్నపిల్ల చేతిలోంచి చాకు తీసుకున్నంత జాగ్రత్తగా. నాకు ఏడుపు వచ్చింది.

రేపట్నుంచి పట్టీ లేకుండా మొదలుపెడతాం. పది రోజులు ఉంది. ఇలాంటి వైద్యానికి మా పుస్తకాల్లో రాసింది పది నెలలు.

అప్పగింతకి తొమ్మిది రోజులు

పట్టీ లేకుండా అబ్బులుగారి నోట తడుముకోకుండా వచ్చేవి రెండు. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు. 'దరిద్రం' అన్న తిట్టు. నవ్వొద్దు, ఇది శాస్త్రమే. వేలసార్లు అరిగిన మాటలు తలలో వేరే దారిన నడుస్తాయి, మామూలు దారి తెగినా అవి మిగులుతాయి. రాగాలూ అంతే. ముప్ఫై ఏళ్ళుగా మధ్యాహ్నం ఆయన గుమ్మంలో నిలబడి "వడ్డనో... వడ్డన" అని రాగం తీసేవారు. అది అడిగాను. మూడో ప్రయత్నంలో వచ్చింది. తెప్ప చివర వల ఆరేస్తున్నవాళ్ళు కంచాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు, సమయం తొమ్మిదిన్నరే అయినా.

ఆ రాగాన్ని పట్టుకుని వెళ్ళాలి. ఎడమచేత్తో గిన్నె అంచు మీద ఒక్కో దెబ్బ, దెబ్బకి ఒక్కో ముక్క. 'వడ్డనో' నుంచి 'వంటిల్లు' దాకా. అక్కణ్ణుంచి 'నూకరత్నానిది.'

అడ్డమల్లా నేనే. ఆయన 'వం' అనగానే నా నోరు 'టిల్లు' అనేస్తోంది. ఆరుసార్లు అన్నాను. వరహాలమ్మగారు లోపలికి వెళ్ళి లవంగం తెచ్చింది. "పళ్ళ మధ్య పెట్టుకోండి డాక్టరమ్మా. నోరు తెరిస్తే కింద పడాలి." ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న పరిశోధకురాలిని, లవంగం కరుచుకుని కూర్చున్నాను.

అప్పగింతకి ఐదు రోజులు

'వంటిల్లు' వచ్చింది. నలభై సెకన్లు పట్టింది. తర్వాత ముప్ఫై. నా నాలుక మొద్దుబారింది, లవంగం మహిమ.

పేరు రావడం లేదు. మాట పోయినవాళ్ళకి అన్నిటికన్నా కష్టం పేర్లే. పోనీ సొంత భార్య పేరు అడుగుదామని ప్రయత్నిస్తే అదీ రాలేదు.

"దానికి పక్షవాతం కారణం కాదులెండి," అంది వరహాలమ్మగారు. "పెళ్ళయిన ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఎప్పుడు పేరెట్టి పిలిచేరు గనక."

నూకరత్నాన్ని కూడా పేరుతో పిలిచింది లేదట. ఒసే, ఇదిగో, ఎక్కడ చచ్చేవ్, ఇవే. అరగని దారిలో నడిపిస్తున్నాం ఆయన్ని.

అప్పగింతకి ఒక్క రోజు

ఇన్ని రోజుల్లో ఆ పేరు ఒక్కసారీ పూర్తిగా రాలేదు. రెండుసార్లు 'నూ' దాకా వచ్చింది. ఇవాళ ఆయన గిన్నె అవతలకి తోసి గోడవైపు తిరిగి కూర్చున్నారు. భుజాలు కదిలాయి. నేను లవంగం తీసేసి, రేపటికి రాకపోయినా ఫర్వాలేదండీ అన్నాను. అబద్ధం. ఆయనకీ తెలుసు. మళ్ళీ ఇటు తిరిగి గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

అప్పగింత రోజు

మూడు వందల మందీ అప్పడాలు మాత్రం వేసిన కంచాల ముందు బంతుల్లో కూర్చున్నారు. తలుపు పక్కన నూకరత్నం పెట్టె, దాని మీద మడిచిన దుప్పటి. గుండిగ వెనకాల ఆమె. గోడ దగ్గర కార్యదర్శి, వాకిట్లో పట్టా కప్పుకుని యంత్రం. అబ్బులుగారు మెడ ఖాళీగా, కుడి చంకలో గిన్నెతో నిలబడ్డారు. పట్టీ లేదని చూసి జనం గుసగుసలాడారు.

గిన్నె మీద దెబ్బ. "వం..." ఇంకో దెబ్బ. "టి...ల్లు."

అక్కడ ఆగిపోయారు.

మూడు సెకన్లు గడిచాయి. మా ఊళ్ళో మూడు సెకన్ల తర్వాత ఏమవుతుందో రాశాను. మూడు వందల నోళ్ళలోనూ ఆ పేరు ఉంది. అందరికీ తెలుసు, ఎవరూ అనకూడదు. పది సెకన్లు. ముప్ఫై. జనం పెదాలు తెరుస్తున్నారు, మూస్తున్నారు. వెనక బంతిలో ఒకాయన "నూ" అనబోతే వాళ్ళావిడ ఆయన నోట్లో అప్పడం కుక్కింది. నేను రెండు లవంగాలు కొరుకుతున్నాను. అబ్బులుగారి చెంపల మీంచి చెమట కారుతోంది. రెండు నిమిషాలయ్యాక ఆయన కళ్ళు మూసుకున్నారు. అయిపోయింది, రాదు అనుకున్నాను.

కార్యదర్శి ముందుకొచ్చారు. ముగించేస్తారని భయపడ్డాను. ఆయన పంచె సర్దుకుని మొదటి బంతి చివర నేల మీద కూర్చున్నారు.

"మాకేం తొందర్లేదండి మేస్త్రీగారు. వడ్డించమనండి. తింటా కూర్చుంటాం."

నూకరత్నం వడ్డించింది. అబ్బులుగారు కాసేపు నిలబడి, కార్యదర్శి పక్కన చోటు చూసుకుని కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన బంతిలో కూర్చోవడం ఎవరూ చూడలేదు. నూకరత్నం ఆయన కంచంలో అన్నం పెట్టింది, పులుసు పోసింది, ముందుకి కదిలిపోయింది. ఆయన ఎడమచేత్తో కలుపుకుని తిన్నారు. అంతా తిన్నారు. తర్వాత ఖాళీ కంచం ఆమె వెళ్ళినవైపు చాచి, "ఇం... కా," అన్నారు.

ఆ మాట మేం నేర్పలేదు. నూకరత్నం వెనక్కి వచ్చి పోసింది. గరిటె అంచు కంచానికి తగిలి చప్పుడైంది.

రేవులో పడవ కూత కూసింది. దాన్ని నడిపే మనిషి రెండో బంతిలోనే ఉన్నాడు, మజ్జిగ కోసం చూస్తూ, లేవలేదు. ఎవరూ లేవలేదు. మూడు సెకన్లు ఆగలేని ఊరు చేతులు ఎండిపోతుంటే కూర్చుంది. గిన్నె మీద దెబ్బలు వినిపిస్తున్నాయి, ఒకటి, ఆగి ఇంకొకటి.

"నూ..."

నా పళ్ళ మధ్య లవంగం పొడైపోయింది.

"నూ... క..." దెబ్బ. చాలాసేపు. "రత్... నం." ఊపిరి తీసుకున్నారు. చూపుడువేలు గుండిగల వైపు చాచారు. "దీ... ని... ది."

కార్యదర్శి ఎంగిలిచెయ్యి పైకెత్తి, "విన్నాం," అన్నారు. ఆ తర్వాత రేగిన గోలలో నేను ఏడ్చాను, వరహాలమ్మగారు ఏడ్చింది, అప్పడం ఆయన కూడా ఏడ్చాడు.

నూకరత్నం ఏడవలేదు. పులుసు గరిటె చేతిలోనే ఉంచుకుని, బంతుల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, అబ్బులుగారి ఎదురుగా నేల మీద కూర్చుంది. గోల తగ్గేదాకా ఆగింది.

"గోలలో సరిగ్గా వినపడలేదండి మేస్త్రీగారు," అంది. "నా పేరు మళ్ళీ చెప్పండి."

అబ్బులుగారు ముందు తడుముకోకుండా "దరిద్రం" అన్నారు. తర్వాత గిన్నె దగ్గరికి లాక్కుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. మేమంతా ఆగాం.